పగ్గాలు లాగితే ఇంకా పరిగెడుతోంది! డ్రెసాజ్, గుర్రాల ట్రైనింగ్ మీద మీ ప్రశ్నలు

2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనుష్ అగర్వాలా కలిసి డ్రెసాజ్ టీమ్ గోల్డ్ తెచ్చారు కదా, గుర్రపుస్వారీలో మనకి 1982 తర్వాత మళ్ళీ గోల్డ్ రావడం అదే, అప్పట్నుంచి డ్రెసాజ్ అంటే ఏంటి, మా గుర్రానికి నేర్పొచ్చా అని అడిగేవాళ్ళు బాగా పెరిగారు. చాలా సంతోషం. కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పేస్తా. 20 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు ఉన్న గ్రౌండ్‌లో (చిన్న టెస్టులకి 20కి 40) ముందే ఇచ్చిన వరసలో వాక్ (నడక), ట్రాట్ (జోరు నడక), కాంటర్ (నెమ్మది పరుగు), సర్కిళ్ళు, పక్కకి నడకలు చేసి చూపించాలి, ఒక్కో కదలికకి జడ్జి 0 నుంచి 10 దాకా మార్కులు వేస్తారు. పోటీ సంగతి అది. పోటీకి వెళ్ళినా వెళ్ళకపోయినా గుర్రం వీపు పాడవకుండా, భయపడకుండా మనిషిని మొయ్యడం నేర్పే పద్ధతి డ్రెసాజ్, నాకు అదే ముఖ్యం, అందుకే కింద జవాబులన్నీ ఆ వైపు నుంచే ఉంటాయి.

ప్రశ్న: నమస్తే మేడమ్. మొయినాబాద్ దగ్గర మాకు ఫామ్ ఉంది. రేసుల నుంచి రిటైరైన ఆరేళ్ళ థారోబ్రెడ్‌ని ఈమధ్యే తెచ్చుకున్నా. ట్రాట్ అడిగితే దూసుకెళ్తుంది, ఆపుదామని పగ్గాలు లాగితే ఇంకా స్పీడ్ అందుకుంటుంది. ఎక్కేటప్పుడు ఒక్క చోట నిలబడదు. ఇంకా గట్టి బిట్ (నోట్లో పెట్టే కళ్ళెం కడ్డీ) వేస్తే దారికొస్తుందని ఫ్రెండ్స్ అంటున్నారు, ఏ బిట్ కొనమంటారు?

ఏ బిట్టూ కొనకండి, ఉన్న మామూలు స్నాఫిల్, అదే మెత్తని రకం బిట్, చాలు. మీ గుర్రం ఎదురు తిరగట్లేదండి, దానికి నేర్పిందే అది చేస్తోంది. రేసు గుర్రానికి మొదట్నుంచీ అలవాటైంది ఏంటంటే, జాకీ పగ్గాలు పొట్టిగా పట్టుకుని నోటి మీద బరువు పెడితే ఆ బరువుకి ఆనుకుని పరుగు తియ్యాలి అని. మీరు ఆపుదామని రెండు పగ్గాలూ కలిపి లాగుతుంటే అది పోదాం పద అనుకుంటోంది. పైగా జాకీ రికాబుల మీద లేచి ఉంటాడు, జీనులో పూర్తిగా కూర్చోడు, కాళ్ళు డొక్కలకి తగలవు. మీరేమో బరువంతా వేసి కూర్చుని, కాళ్ళు పొడుగ్గా దించి రెండు పక్కలా ఆనిస్తున్నారు, అదంతా దానికి కొత్త భాష. ఎక్కేటప్పుడు కదలడం కూడా అలాంటిదే, రేసుల దగ్గర గుర్రం నడుస్తుండగానే జాకీని కాలు పట్టి పైకి ఎత్తేస్తారు, నిలబడి ఉండాలని దానికి ఎవరూ నేర్పలేదు.

ట్రైనింగ్ కన్నా ముందు మాత్రం వెట్‌ని, అంటే వెటర్నరీ డాక్టర్‌ని, పిలిపించండి. పళ్ళు చూపించండి, అంచులు పదునెక్కి బుగ్గ లోపల కోసుకుంటుంటే ఎంత మెత్తని చేత్తో పట్టినా నోరు విదిలిస్తుంది. వీపు, నడుము, కాళ్ళు చూపించండి. రేసు గుర్రాల్లో కడుపులో పుండ్లు చాలా కామన్, జీను పట్టీ బిగించేటప్పుడు చెవులు వెనక్కి పెట్టి కరవబోతుందా, దాణా సగంలో వదిలేస్తుందా, బక్కగా అయిపోతుందా, ఇవి వెట్‌కి చెప్పండి. ఇంకోటి, రేసులు మానేశాక గుర్రం ఒంటి ఆకారం మారిపోతుంది, కొన్న రోజు సరిపోయిన జీను రెండు మూడు నెలలకి సరిపోకపోవచ్చు. జీను పెట్టి, మీరు ఎక్కాక కూడా, మెడా వీపూ కలిసే చోట ఉండే ఆ ఎత్తుకి, అదే మూపుకి, జీను ఎక్కడా తగలకూడదు. దిగాక చెమట మరకలు చూడండి, మధ్యలో ఒకచోట మాత్రం పొడిగా ఉండిపోయిందంటే అక్కడ బరువు నొక్కేస్తోందేమో అనుమానించాలి. నొప్పితో ఉన్న గుర్రానికి ఎంత నేర్పినా అది నొప్పి నుంచి పారిపోవడమే నేర్చుకుంటుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయనుకుందాం. మొదట కింద నిలబడి మొదలెట్టండి. హాల్టర్ (బిట్ లేని తలపట్టీ), తాడు, అంతే. నడిపించండి, మీరు ఆగండి, తాడు మీద కొంచెం ఒత్తిడి పెట్టి అలాగే ఉంచండి, లాగొద్దు, ఊపొద్దు. అది ఆగిన వెంటనే, లోపల ఒకటి అనుకునేలోపు, తాడు వదులు చెయ్యండి. గుర్రం నేర్చుకునేది ఒత్తిడి తీసేసిన ఆ క్షణంలోనేనండి, ఏం చేస్తుండగా హాయి దొరికిందో అదే మళ్ళీ చేస్తుంది. మనవాళ్ళు చాలామంది ఒత్తడం బాగానే నేర్చుకుంటారు, వదలడం ఆలస్యం చేస్తారు, ఆగాక కూడా ఇంకా పట్టుకునే ఉంటారు, దాంతో ఆగినా ఆగకపోయినా ఒకటేలే అని గుర్రానికి అర్థమైపోతుంది. వెనక్కి ఒక అడుగు, పక్కకి ఒక అడుగు, ఎక్కే స్టూల్ పక్కన నిలబడటం, అన్నీ ఇలాగే. స్టూల్ మీద నిలబడి రికాబులో కాలు పెట్టి తీసెయ్యండి, కదలకపోతే గోకండి, కదిలితే మళ్ళీ అదే చోటికి ప్రశాంతంగా తీసుకురండి. మెడ మీద దబదబా చరుస్తారు కదా మెచ్చుకోవడానికి, అది మానేసి మూపు దగ్గర గోకండి. గుర్రాలు ఒకదాన్నొకటి అక్కడే పళ్ళతో గోక్కుంటాయి, అక్కడ గోకితే గుండె వేగం తగ్గుతుందని ఫ్రాన్స్‌లో కమార్గ్ గుర్రాల మీద కొలిచి చూపించారు కూడా.

ఎక్కాక మొదటి పది నిమిషాలు వదులు పగ్గాలతో వాక్. ఆపాలంటే ముందు గాలి నెమ్మదిగా వదలండి, దాని నడకతో ఊగుతున్న మీ నడుముని నిలపండి, తొడలు కొద్దిగా దగ్గరికి తీసుకోండి, అన్నిటికన్నా చివర వేళ్ళు మూయండి. చెయ్యి వెనక్కి రాకూడదు, పిడికిలి మూసుకోవాలి అంతే. కొంచెం నెమ్మదించినా సరే వేళ్ళు తెరిచెయ్యండి. మొదట్లో పూర్తిగా ఆగకపోయినా పర్లేదు, ఆ ఆలోచన వచ్చినందుకే బహుమతి ఇవ్వాలి. దూసుకెళ్తే రెండు పగ్గాలతో కుస్తీ పట్టొద్దు, 450, 500 కిలోల ప్రాణితో లాగుడు పందెంలో మీరు గెలవరు. లోపలి పగ్గాన్ని (తిరిగే వైపు ఉన్నదాన్ని) కొంచెం పక్కకి తెరిచి సర్కిల్ మీదకి తీసుకెళ్ళండి, సర్కిల్ దానంతటదే స్పీడ్ తగ్గిస్తుంది, తగ్గగానే వదులు చెయ్యండి. ట్రాట్ కొద్ది అడుగులు చాలు, వేగం పెంచాలని దానికి తోచేలోపే మీరే వాక్‌కి తెచ్చెయ్యండి, మళ్ళీ ట్రాట్, మళ్ళీ వాక్. కాంటర్ ఇప్పట్లో వద్దు. చురుకు గుర్రం కదా అని చాలామంది కాళ్ళు దూరంగా పెట్టేసి కూర్చుంటారు, అలా చేస్తే కాలు తగిలిన ప్రతిసారీ దానికి షాకే, కాబట్టి పిక్కలు మెత్తగా ఆనించే ఉంచండి.

జర్మన్ పద్ధతిలో ట్రైనింగ్‌కి ఆరు మెట్లు చెప్తారు, రిథమ్, సడలింపు, కాంటాక్ట్ (పగ్గాల ద్వారా నోటితో మెత్తని సంబంధం), ముందుకెళ్ళే ఊపు, నిటారుతనం, చివర్న కలెక్షన్ (బరువు వెనక కాళ్ళ మీదకి తెచ్చుకోవడం). మీరింకా మొదటి రెండు మెట్ల దగ్గరున్నారు. వీడియోల్లో చూసి మెడ వంచాలని పగ్గాలతో తల కిందికి గుంజేవాళ్ళని చూస్తుంటాం, అది ఆరో మెట్టు బొమ్మని మొదటి మెట్టు మీద అతికించడమే. అడుగుల లయ ఒకేలా రానివ్వండి, మెడ చాపి, ముక్కు ముందుకి పెట్టి, చిన్నగా చీదుతూ ట్రాట్ చేస్తోందంటే మీ పని సరిగ్గా జరుగుతున్నట్టే. రోజుకి అరగంట మించొద్దు, మిగతా టైం బయట వేరే గుర్రాలు కనిపించేలా వదిలెయ్యండి, 23 గంటలు గదిలో కట్టేసి ఒక గంట బయటికి తెస్తే ఏ గుర్రమైనా పేలుతుంది.

ప్రశ్న: మా పాపకి 11 ఏళ్ళండి, హైదరాబాద్‌లోనే రైడింగ్‌కి పంపిస్తున్నాం. కోచ్ గారు "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అంటూ స్టిక్‌తో గట్టిగా కొట్టమంటారు. గుర్రం నోరు తెరవకుండా ముక్కు మీద పట్టీ బాగా బిగిస్తారు. పాప ఇంటికొచ్చి ఏడుస్తోంది, గుర్రానికి నొప్పెడుతోంది అమ్మా అంటోంది. ఆ మధ్య ఒలింపిక్స్ ఛాంపియనే గుర్రాన్ని కొట్టి దొరికిపోయింది కదా, ఈ ఆట ఇంతేనా? మాన్పించెయ్యమంటారా?

అమ్మా, మీ పాపకి గుర్రాలంటే నిజమైన ప్రేమ ఉంది, కళ్ళు కూడా ఉన్నాయి. ఆట మాన్పించొద్దు, కానీ ఆ చోటు మార్చాల్సి రావచ్చు.

మీరు చెప్పింది బ్రిటన్ రైడర్ షార్లట్ డూజార్డిన్ గురించి. లండన్ 2012లో, రియో 2016లో వ్యక్తిగత గోల్డ్ గెల్చినావిడ, వలేగ్రో అనే గుర్రం మీద 2014లో 94.3 శాతం స్కోరుతో ప్రపంచ రికార్డు పెట్టినావిడ. పారిస్ ఒలింపిక్స్ మొదలయ్యే ముందు, శిక్షణ ఇస్తూ గుర్రం కాళ్ళ మీద పొడుగు విప్‌తో పదే పదే కొట్టిన వీడియో బయటికొచ్చింది, తనే పోటీ నుంచి తప్పుకుంది, అంతర్జాతీయ ఫెడరేషన్ ఎఫ్ఈఐ ఏడాది సస్పెన్షన్, 10,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది. అంత పేరున్న మనిషినే ఆపారు, అంటే కొట్టడం ఈ ఆటలో భాగం కాదని ఆటే చెప్తోంది. మీ పాప చూసింది తప్పే, ఎవరు చేసినా తప్పే.

ఇక ఆ సామెత. మెత్తగా ఉండటం, అయోమయంగా ఉండటం రెండూ వేరు. మంచి రైడర్ చెయ్యి మెత్తగా ఉంటుంది, అడిగేది మాత్రం స్పష్టంగా ఉంటుంది. కాలితో చిన్నగా అడుగు, కదలకపోతే కొంచెం గట్టిగా అడుగు, అప్పటికీ కదలకపోతే విప్‌తో కాలి వెనక ఒక్కసారి తాకు, కదిలిన క్షణం అన్నీ ఆపెయ్. వరస ఎప్పుడూ ఇదే అయితే కొన్ని రోజుల్లో మొదటి చిన్న ఒత్తిడికే గుర్రం కదులుతుంది, విప్ ఊరికే చేతిలో ఉంటుంది. ప్రతి అడుగుకీ డొక్కలో తన్నుతూ ఉంటే మాత్రం దానికి అది గోల కింద లెక్క, పట్టించుకోవడం మానేస్తుంది, అప్పుడు ఇది మొద్దు గుర్రం అంటారు. రైడింగ్ స్కూళ్ళలో మొద్దు అని పేరు పడ్డ గుర్రాల్లో చాలావరకు ఇలా తయారైనవే. ఇంకా కొన్ని, నిజంగానే కాలు నొప్పితో అడుగెయ్యలేక ఆగిపోయేవి. గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంటే రౌతుని తిట్టడం కాదు, వెట్‌ని పిలవాలి.

నోరు తెరవడం కూడా అది చెప్పే మాటే, పళ్ళు, బిట్ సైజు, లాగే చేతులు, వీటిలో ఏదో ఒకటి బాధపెడుతోంది. పట్టీ బిగించేస్తే బాధ పోదు, మనకి కనిపించడం మానేస్తుంది. పట్టీకీ ముక్కు ఎముకకీ మధ్య, ముందు వైపు, పెద్దవాళ్ళ వేళ్ళు రెండు హాయిగా దూరాలి, పక్కన బుగ్గ దగ్గర పెట్టి చూస్తే లెక్కకి రాదు. ఇప్పుడు అంతర్జాతీయ పోటీల్లో దీన్ని పరికరంతో కొలుస్తున్నారు కూడా.

వేరే స్కూల్ చూడ్డానికి వెళ్ళినప్పుడు ముందు గుర్రాల్ని చూడండి, కోచ్ సర్టిఫికెట్లు తర్వాత. గుర్రాల్ని చూసుకునే సైస్ దగ్గరికొస్తే గుర్రం తల ముందుకి పెడుతోందా, మూలకి జరుగుతోందా? వీపు మీద, నోటి మూలల్లో పుండ్లు, తెల్ల మచ్చలు ఉన్నాయా? తొట్లో నీళ్ళు ఉన్నాయా? ఒక్కో గుర్రం రోజుకి ఎన్ని క్లాసులు మోస్తోంది? పిల్లలందరికీ గడ్డం కింద పట్టీ పెట్టుకునే హెల్మెట్ తప్పనిసరా, ఆ రూల్ కోచ్ కూడా పాటిస్తున్నారా? మొదటి నెలల్లో పిల్లల్ని లంజ్ తాడు మీద (కోచ్ మధ్యలో నిలబడి పొడుగు తాడుతో గుర్రాన్ని చుట్టూ తిప్పుతారు), పగ్గాలు ఇవ్వకుండా, బ్యాలెన్స్ నేర్పే స్కూల్ దొరికితే ఇంకేం ఆలోచించకండి. పాపకి షూస్ మాత్రం చిన్న మడమ ఉన్నవి కొనండి, స్పోర్ట్స్ షూస్ అయితే పాదం రికాబులోంచి ముందుకి జారి ఇరుక్కుంటుంది, పడితే చాలా ప్రమాదం.

ప్రశ్న: హాయ్ అండీ, టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాను, 38 ఏళ్ళకి రైడింగ్ మొదలెట్టా. రైజింగ్ ట్రాట్ (అడుగులతో పాటు లేస్తూ కూర్చుంటూ) వచ్చింది కానీ సిట్టింగ్ ట్రాట్‌లో (జీనులో కూర్చునే ఉండి) ఎగిరెగిరి పడుతున్నా, నడుం పట్టేస్తోంది. పోయిన నెల ఫస్ట్ టైం ఒక షోలో ఇంట్రో టెస్ట్ చేస్తే 58 శాతం వచ్చింది, చిన్నప్పుడు లెక్కల్లో కూడా ఇంత తక్కువ రాలేదు, చాలా డల్ అయిపోయా.

డల్ అవ్వకండి, ఈ శాతాలు మన ఇంటర్ మార్కుల్లా చూడకూడదు. జడ్జి 6 వేశారంటే సంతృప్తికరం, 7 అంటే బాగానే ఉంది, 8 అంటే బాగుంది, 10 అంటే అత్యద్భుతం, అది చాలా అరుదు. పారిస్‌లో మన దేశం తరఫున ఒలింపిక్ డ్రెసాజ్‌లో మొదటిసారి దిగిన అనుష్ అగర్వాలా స్కోరే 66.444 శాతం. మొదటి షోలో 58 అంటే దాదాపు అన్నీ చేశారు, కొన్ని ఊగాయి, అంతే. శాతం కన్నా జడ్జి పక్కన రాసిన కామెంట్లు చదవండి, ఒకే మాట రెండు మూడు చోట్ల కనిపిస్తే వచ్చే నెలంతా దాని మీద పని చెయ్యండి.

సిట్టింగ్ ట్రాట్‌కి మీరు తొందరపడుతున్నారు. ఇంట్రో టెస్టుల్లో ట్రాట్ అంతా రైజింగే, దాని పై మెట్టు ట్రైనింగ్ లెవెల్‌లో కూడా కూర్చోవడమో లేవడమో మీ ఇష్టం. ట్రాట్‌లో గుర్రం ఒక జత కాళ్ళ మీంచి ఇంకో జత మీదకి గాల్లో మారుతుంది, అందుకే దాని వీపు పైకీ కిందకీ వెళ్తుంది, మన నడుము దాంతో పాటు వెళ్ళాలి. ఎగిరిపడటానికి కారణం దాదాపు ఎప్పుడూ మోకాళ్ళతో జీనుని పట్టేసుకోవడం, ఊపిరి బిగబట్టడం. పడతానేమో అని పట్టుకుంటాం, పట్టుకున్నందుకే ఎగురుతాం. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం కదా, తొడ ముందు కండరాలు కుచించుకుపోయి ఉంటాయి, ఎక్కే ముందు అయిదు నిమిషాలు వాటిని సాగదియ్యండి, తేడా అదే రోజు తెలుస్తుంది.

కోచ్‌ని లంజ్ పాఠాలు అడగండి. వియన్నాలో 450 ఏళ్ళకి పైగా నడుస్తున్న స్పానిష్ రైడింగ్ స్కూల్ ఉంది, అక్కడ చేరిన కుర్రాళ్ళకి ముందు చాలాకాలం లంజ్ మీదే, రికాబులు లేకుండా, పగ్గాలు లేకుండా కూర్చోవడం నేర్పుతారు, మనకి కొన్ని పాఠాలు చెయ్యడానికి నామోషీ ఎందుకు. మీ అంతట మీరు చేసేటప్పుడు రైజింగ్ చేస్తూ చేస్తూ నాలుగైదు అడుగులు కూర్చోండి, బాగున్నప్పుడే, ఎగరడం మొదలవ్వకముందే, మళ్ళీ లేచెయ్యండి. గుర్రాన్ని కూడా చాలా నెమ్మది ట్రాట్‌లో పెట్టి అడగండి. ఎగిరిపడుతూ పొడుగు వైపు మొత్తం కూర్చునే ఉంటే ప్రతి అడుగుకీ దాని వీపు మీద దెబ్బే, అది వీపు కిందికి దించేసి గట్టిగా చేసుకుంటుంది, గట్టి వీపు మీద కూర్చోవడం ఇంకా కష్టం, ఇలా ఇద్దరూ కలిసి పాడు చేసుకుంటారు. నడుం నొప్పి మర్నాటికి కూడా ఉంటే డాక్టర్‌కి చూపించుకోండి, ఓర్చుకుని చెయ్యొద్దు.

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం జిల్లా. నా దగ్గర కాఠియావాడీ గుర్రం ఉంది, 400 కిలోలు ఉంటుందేమో. తాతల కాలం నుంచి గుర్రానికి ఉలవలే బలం అంటారు, రోజుకి రెండు పూటలా కలిపి 4 కిలోలు ఉడకబెట్టి పెడుతున్నా, ఎండుగడ్డి కొంచెమే. వారానికి రెండుసార్లే ఎక్కుతా, ఎక్కితే ఒక్క నిమిషం కుదురుగా ఉండదు. ట్రైనింగ్‌లో ఏం మార్చాలి?

ట్రైనింగ్ తర్వాత తమ్ముడూ, ముందు తొట్టి మార్చు. వారానికి రెండుసార్లు ఎక్కే గుర్రానికి 4 కిలోల ఉలవలు చాలా చాలా ఎక్కువ. తాతల కాలంలో గుర్రం రోజూ మైళ్ళకి మైళ్ళు నడిచేది, బండి లాగేది, ఆ లెక్క వేరు. ఉలవలు చెడ్డవని కాదు, అందులో 20 శాతం పైనే ప్రోటీన్, పని చేసే గుర్రానికి కొంచెం పెట్టుకోవచ్చు, నానబెట్టి ఉడకబెట్టడం కూడా మంచి అలవాటే. కానీ గుర్రానికి అసలు తిండి గడ్డి.

ఒంటి బరువులో 1.5 నుంచి 2 శాతం ఎండు మేత కావాలి, నీ గుర్రానికి రోజుకి 6 నుంచి 8 కిలోలు, అదీ రోజంతా కొంచెం కొంచెంగా నములుతూ ఉండేలా. ఎందుకంటే దాని కడుపు చిన్నది, కానీ ఆమ్లం తిన్నా తినకపోయినా 24 గంటలూ ఊరుతూనే ఉంటుంది, నమిలేటప్పుడు వచ్చే లాలాజలమే దానికి మందు. గంటల తరబడి ఖాళీ కడుపుతో ఉంచి ఒకేసారి గింజలు పోస్తే పుండ్లు, కడుపునొప్పి, చిరాకు అన్నీ వస్తాయి. నువ్వు చెప్పే కుదురులేనితనంలో కొంత తిన్న బలం, కొంత కదలకుండా కట్టేసి ఉంచడం, కొంత కడుపులో మంట అయ్యుండొచ్చు. ఉలవలు ఒక్కరోజులో ఆపెయ్యకు, పది పన్నెండు రోజుల్లో మెల్లగా తగ్గిస్తూ గడ్డి పెంచు, మేత హఠాత్తుగా మారిస్తే కడుపునొప్పి గ్యారంటీ. చివరికి ఒక పూట ఒక పిడికెడు మించి అక్కర్లేదు, అదీ రోజూ పని ఉంటేనే. ఎక్కడానికి అరగంట ముందు కొంచెం గడ్డి తిననివ్వు, ఖాళీ కడుపులో ఆమ్లం ఎగిరి పైభాగానికి తగలకుండా అడ్డుకుంటుంది. గింజలు మాత్రం పనికి ముందూ వద్దు, పని అయిన వెంటనే కూడా వద్దు.

నీళ్ళు మామూలు రోజుల్లోనే 25 నుంచి 40 లీటర్లు తాగుతుంది, అనంతపురం ఎండల్లో ఇంకా ఎక్కువ, ఉప్పు గడ్డ నాకడానికి దగ్గర్లో పెట్టు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లారకముందే పని అయిపోవాలి. ఇంకొక్క ముఖ్యమైన సంగతి, గుర్రం వాంతి చేసుకోలేదు, లోపలికెళ్ళింది పైకి రాదు. కాలితో నేల తవ్వుతూ, తిరిగి తిరిగి తన డొక్క వైపు చూసుకుంటూ, పడుకుని దొర్లుతూ, పేడ వెయ్యకుండా ఉంటే నాటు మందులు పోస్తూ కూర్చోకు, మేత తీసేసి వెంటనే వెటర్నరీ డాక్టర్‌కి ఫోన్ చెయ్యి.

ఇవి సర్దుకున్నాక రోజూ కాసేపు బయట వదిలి, వారానికి నాలుగైదు రోజులు తక్కువ తక్కువ సేపు పని ఇచ్చి చూడు, అప్పుడు కూడా కుదురు లేకపోతే మళ్ళీ రాయి, పైన మొయినాబాద్ వాళ్ళకి చెప్పిన వాక్, హాల్ట్ (ఆగడం) పని నీకూ సరిపోతుంది.

ప్రశ్న: వరంగల్ నుంచి. పెళ్ళి బారాత్‌లో బ్యాండ్‌కి డాన్స్ చేసే గుర్రాలు కూడా ఉన్నచోటే కాళ్ళు ఎత్తి వేస్తాయి కదా, ఒలింపిక్స్‌లో చేసేది కూడా అదే కదా? రెండింటికీ తేడా ఏంటి?

చూడ్డానికి దగ్గరగానే ఉంటుంది, మంచి ప్రశ్న. ఉన్నచోటే ట్రాట్ చెయ్యడాన్ని డ్రెసాజ్‌లో పియాఫ్ అంటారు, తేలుతున్నట్టు ముందుకెళ్ళే ట్రాట్‌ని పసాజ్ అంటారు. ఇవి మనిషి కనిపెట్టినవి కావు, ఉత్సాహం వచ్చినప్పుడు మైదానంలో మగ గుర్రం తోక ఎత్తి తనంతట తనే చేస్తుంది. దాన్ని మనిషి బరువు మోస్తూ, అడిగినప్పుడు, భయం లేకుండా చేసేలా బలం పెంచడానికి ఏళ్ళు పడుతుంది, అందుకే అంతర్జాతీయ పోటీల్లో పై స్థాయి అయిన గ్రాండ్ ప్రి టెస్టులోకి 8 ఏళ్ళు నిండని గుర్రాన్ని రానివ్వరు.

తేడా చూడాలంటే కాళ్ళు కాదు, వెనక భాగం చూడండి. సరైన పియాఫ్‌లో తుంటి కిందికి దిగుతుంది, వెనక కాళ్ళ కీళ్ళు వంగి బరువు మోస్తాయి, వీపు పైకొస్తుంది, తోక మెత్తగా ఊగుతుంది, చెవులు అటూ ఇటూ కదులుతుంటాయి, పగ్గాలు బిగుసుకుని ఉండవు. తల పైకి కట్టేసి, వీపు కిందికి కుంగిపోయి, తోక విసురుతూ, కళ్ళు తేలేసి కాళ్ళు ఎగరేస్తుంటే అది కంగారు. ఇది బారాత్ గుర్రానికే కాదు, పెద్ద పోటీల్లో గుర్రానికి కూడా వర్తిస్తుంది, అక్కడా అలా చేసేవి కనిపిస్తాయి, వాటికి మంచి మార్కులు పడకూడదు అనేదే నా అభిప్రాయం.

బారాత్ గుర్రాల నోట్లో చాలాచోట్ల ముళ్ళున్న కళ్ళెం పెడతారు, జనం, టపాకాయలు, లైట్ల మధ్య అదుపులో ఉండాలని. మూగజీవాల బరువు మోత మీద 1965లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ముళ్ళ కళ్ళెం వాడటం నిషేధం. మీ ఇంట్లో పెళ్ళికి గుర్రం మాట్లాడుకుంటే, అడ్వాన్స్ ఇచ్చే ముందే కళ్ళెం చేత్తో పట్టుకుని చూడండి, నున్నగా ఉంటేనే మాట్లాడుకోండి. అడిగేవాళ్ళు పెరిగితే ఆ కళ్ళేలు వాటంతటవే మూలపడతాయి.

ప్రశ్న: వైజాగ్ నుంచి, ఎన్‌సీసీలో రైడింగ్ నేర్చుకున్నా మేడమ్. నా 20 మీటర్ల సర్కిల్ ఎప్పుడూ కోడిగుడ్డులా వస్తోందని తిడతారు. చిట్కా ఏమైనా ఉందా?

20కి 40 గ్రౌండ్ అనుకుంటున్నా. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, గ్రౌండ్ చుట్టూ గుర్తుకి అక్షరాలు ఉంటాయి కదా, పొట్టి గోడ మధ్యలో ఉండే ఎ దగ్గర సర్కిల్ మొదలెట్టి నేరుగా కె అక్షరం దగ్గరికి, అంటే మూలలోకి వెళ్ళిపోతారు. కె మూల నుంచి 6 మీటర్ల దూరంలో ఉంటుంది, సర్కిల్ గోడని తాకాల్సింది 10 మీటర్ల దగ్గర. కాబట్టి నాలుగు చోట్లే తాకాలి, ఎ, రెండు పొడుగు గోడల మీద మూల నుంచి 10 మీటర్ల పాయింట్లు, గ్రౌండ్ నట్టనడుమ ఎక్స్. ఆ పాయింట్ల దగ్గర సున్నం పోసి, ఒక్కో చోట ఒక్క అడుగే గోడ పక్కన ఉండి మళ్ళీ వదిలెయ్. ఎప్పుడూ తర్వాతి పాయింట్‌నే చూడు, గుర్రం చెవుల మధ్య నేలని చూడకు. ఎక్స్ దగ్గర గోడ ఉండదు కదా, గుర్రం బయటి భుజం అక్కడే జారిపోతుంది, లోపలి పగ్గం ఇంకా లాగితే ఇంకా జారుతుంది, బయటి పగ్గం, బయటి కాలు దగ్గరగా పెట్టి భుజాన్ని తిప్పు.

ప్రశ్న: గుంటూరు దగ్గర పల్లెటూరు మాది. రెండేళ్ళ మగ పిల్ల ఉంది, బాగా ఏపుగా పెరిగింది. ఈ సంక్రాంతికి ఎక్కొచ్చా?

వద్దండి, ఎంత ఏపుగా ఉన్నా వద్దు. ఎత్తు ముందే వచ్చేస్తుంది కానీ ఎముకలు గట్టిపడటం కింద నుంచి పైకి జరుగుతుంది, కాళ్ళ కింది ఎముకలు ముందు, వెన్నెముక అన్నిటికన్నా చివర, అది పూర్తయ్యేసరికి అయిదున్నర, ఆరేళ్ళు వస్తాయి. మూడున్నర, నాలుగేళ్ళు వచ్చాక తేలికైన మనిషితో, వారానికి రెండు మూడుసార్లు, పావుగంట వాక్‌తో మొదలెట్టండి. ఈలోపు చెయ్యాల్సింది బోలెడుంది. హాల్టర్‌తో పక్కన నడవడం, నాలుగు గిట్టలూ ఎత్తి శుభ్రం చేయించుకోవడం, కట్టేస్తే నిలబడటం, ట్రాక్టర్, లారీ, కుక్కలు, టార్పాలిన్ చూసి బెదరకపోవడం, ఒంటరిగా కాకుండా వేరే గుర్రాలతో పెరగడం. మూడో ఏట మెత్తని కళ్ళెం నోటికి అలవాటు చేసి, వెనక నడుస్తూ పొడుగు పగ్గాలతో ఊరి చుట్టూ తిప్పండి, తిరగడం, ఆగడం అన్నీ అప్పుడే నేర్చేసుకుంటుంది. మగ పిల్ల అన్నారు కాబట్టి, సంతానానికి ఉంచుకునే ఆలోచన లేకపోతే వెటర్నరీ డాక్టర్‌తో విత్తులు తీయించే సంగతి ఇప్పుడే మాట్లాడండి, చలికాలంలో చేయిస్తే ఈగల బెడద తక్కువ, ధనుర్వాతం టీకా మాత్రం ముందే వేయించాలి.